గ్యాస్ మాత్రతో చేతులు వణికాయి

సంపాదకుడు గారికి,

ఈ మధ్య ఎక్కడ విన్నా డోపమిన్ మాటే. ఫోన్ చూస్తే డోపమిన్, స్వీటు తింటే డోపమిన్, ఫోన్ నాలుగు రోజులు బీరువాలో పెడితే డోపమిన్ డిటాక్స్. మీ పేజీల్లోనూ చదివాను. అది మెదడులో కణం నుంచి కణానికి కబురు మోసే రసాయనం. నాకు మాత్రం ఆ పేరు గ్యాస్ మాత్ర ధర్మమా అని తెలిసింది.

మా అమ్మకి 74 ఏళ్లు. మర్రిపాలెంలో మా దగ్గరే ఉంటుంది. పొద్దున్న కాఫీ అయ్యాక రామకోటి రాసుకోవడం ఆవిడ అలవాటు. కిందటి చలికాలంలో ఒకరోజు ఆ పుస్తకం తిరగేశాను. మొదటి పేజీల్లో గడి నిండా ఉన్న ‘శ్రీరామ’ పోనుపోను చీమల బారైపోయింది. వరస మొదట్లో కాస్త నయం, చివరికొచ్చేసరికి చుక్కలే. కళ్లజోడు మార్చాలేమో అనుకున్నాం. తర్వాత రెండు చేతులూ వణకడం మొదలైంది. కుర్చీలోంచి లేవాలంటే ఒకరు పట్టుకోవాలి. ముఖంలో నవ్వూ లేదు, విసుగూ లేదు. “అత్తయ్యా, కోపం వచ్చిందా?” అని మా ఆవిడ రోజుకి రెండుసార్లు అడిగేది.

పార్కిన్సన్స్ అని, అంటే మెదడులో డోపమిన్ తగ్గిపోయి ఒళ్లు వణికే, బిగుసుకుపోయే జబ్బని మాకు మేమే తేల్చేసుకున్నాం. ఎదురింటివాళ్లు దూలగొండి గింజల పొడి పాలల్లో కలిపి ఇమ్మన్నారు. నవ్వి ఊరుకోవాల్సిన సలహా కాదది. ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని వేరు చేసి చూపించారు. మన మెదడు లెవోడోపాని డోపమిన్‌గా మార్చుకుంటుంది. కాకపోతే అమ్మకి డోపమిన్‌కి కరువు లేదని తర్వాత తెలిసింది.

నరాల డాక్టరు అమ్మ మోచెయ్యి రెండుసార్లు మడిచి చూసి, మందుల సంచి బల్ల మీద బోర్లించమన్నారు. బీపీ మాత్ర, థైరాయిడ్ మాత్ర పక్కకి జరిపి ఒక క్యాప్సూల్ స్ట్రిప్ తీశారు. “ఇది ఎన్నాళ్ల నుంచి?” అన్నారు. 7 నెలల నుంచి, రోజూ పరగడుపున ఒకటి. ఎప్పుడో కడుపుబ్బరానికి 10 రోజులు వాడమని ఒక డాక్టరు రాశారు. చీటీ ఎక్కడో పోయింది, ఖాళీ స్ట్రిప్ మిగిలింది. అది చూపిస్తే చాలు, మా వీధి మందుల షాపులో ఇచ్చేవారు. తెచ్చిందీ నేనే.

ఆ క్యాప్సూల్‌లో రెండు మందులున్నాయి. యాసిడ్ తగ్గించే రాబెప్రజోల్ ఒకటి, లెవోసల్పిరైడ్ రెండోది. కథంతా రెండోదానితోనే.

డోపమిన్ ఊరికే ఊరితే ఏమీ జరగదు. అది వెళ్లి తగులుకోవడానికి కణాల మీద రిసెప్టర్లు ఉండాలి, తాళంచెవికి తాళం ఉన్నట్టు. అవి డి1 నుంచి డి5 దాకా 5 రకాలు. పొట్టలో ఉండే డి2 రిసెప్టర్లని డోపమిన్ తాకితే కదలిక మందగిస్తుంది. లెవోసల్పిరైడ్ వాటి మీద అడ్డంగా కూర్చుంటుంది కాబట్టి తిన్నది తొందరగా కిందికి దిగుతుంది, ఉబ్బరం తగ్గుతుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ మందు పొట్ట దగ్గరే ఆగిపోదు కదా. మెదడుకీ చేరుతుంది. మన నడకనీ, చేతి కదలికనీ సరిచూసే చోట ఉన్న డి2ల మీద కూడా కూర్చుంటుంది. నిజానికి ఇది పిచ్చికి వాడే మందుల కుటుంబంలోది. ఆ మందులు డోపమిన్ రిసెప్టర్లని మూసి పనిచేస్తాయని 1970లలో టొరంటోలో ఫిలిప్ సీమన్ బృందం తేల్చింది. 1983లో అమెరికాలో హెన్రీ వాగ్నర్ అనే డాక్టరు తన మెదడునే స్కాన్ యంత్రం కింద పెట్టి, బతికున్న మనిషిలో ఈ రిసెప్టర్లు ఎక్కడున్నాయో బొమ్మ తీయించారు. అలాంటి స్కాన్ల వల్లే మరో రెండు సంగతులు బయటపడ్డాయి. డి2ల్లో సుమారు 80 శాతం దాటి మూసుకుపోతే ఒళ్లు బిగుసుకోవడం, వణుకు మొదలవుతాయి. పైగా వయసు మీదపడే కొద్దీ ఈ డి2లు తగ్గిపోతుంటాయి. కుర్రాడికి ఏమీ చెయ్యని మాత్ర మా అమ్మని ఎందుకు పడేసిందో అప్పుడు అర్థమైంది.

మాత్ర ఆపించారు, వేరే మందేమీ రాయలేదు. రెండు వారాలు ఏ తేడా లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. మూడో నెలకి అక్షరాలు మళ్లీ గడి నింపాయి. చీమల బారు పేజీలు కోటి లెక్కలోకి వస్తాయా రావా అని ఇప్పుడు ఆవిడ బెంగ. అందరికీ ఇలా నయం కాదనీ, కొందరికి ఆ వణుకు ఉండిపోతుందనీ, కొందరికి నోరూ నాలుకా వాటంతటవే కదులుతూ ఉంటాయనీ డాక్టరు చెప్పారు.

ఇదే తీరులో పనిచేసే వాంతుల మందు మెటోక్లోప్రమైడ్ మీద అమెరికా ప్రభుత్వం 2009లో మందు కాగితం మీద గీతల పెట్టె కట్టి మరీ హెచ్చరిక వేయించింది. 5 రోజులు మించి వాడొద్దని యూరప్ 2013లో చెప్పింది. లెవోసల్పిరైడ్‌కైతే అమెరికాలో అనుమతే లేదు. మనకి మాత్రం అది ‘గ్యాస్ బిళ్ల’. బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దవాళ్ల కబుర్లలో సగం బీపీ, సగం గ్యాసు. “నాకు దీంతో తగ్గింది, నువ్వూ వాడు” అని జేబులోంచి స్ట్రిప్ తీసి ఇచ్చేవాళ్లని చూశాను. తలతిరుగుడికి నెలల తరబడి మింగే సిన్నరిజిన్, ఫ్లూనరిజిన్ కూడా ఈ పనే చెయ్యగలవు. ఒక్క మాట: వాల్తేరు మానసిక ఆసుపత్రిలో చూపించుకుని ఈ కోవ మందులు వాడుతున్నవాళ్లు ఇది చదివి మానెయ్యకూడదు. వాళ్లకి ఆ రిసెప్టర్లని మూయడమే వైద్యం.

డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని మా స్ట్రిప్ మీద రాసే ఉంది, ఎర్ర గీత కూడా ఉంది. ఆ రాత ఇంగ్లీషులో, అమ్మ రామకోటి అక్షరాల కన్నా చిన్నది. మా షాపు అబ్బాయికి జరిగింది చెబితే “గ్యాస్‌కి ఎక్కువ పోయేది ఇదే కదండీ” అన్నాడు. అతన్ని అని లాభం లేదు.

ఔషధ నియంత్రణ అధికారులు విశాఖలోని షాపుల్లో ఈ ఒక్క మందు బిల్లులు తీసి, ఎన్నింటికి చీటీ ఉందో చూడాలి. 60 దాటినవాళ్లకి రాసేటప్పుడు డాక్టర్లు ఎప్పుడు మొదలెట్టాలో రాసినట్టే ఎప్పుడు ఆపాలో కూడా చీటీ మీద తేదీ వెయ్యాలి. మీ ఆరోగ్యం పేజీలో ఈసారి కడుపుబ్బరం గురించి వేసినప్పుడు లెవోసల్పిరైడ్ అన్న పేరు తెలుగులో, పెద్ద అక్షరాల్లో అచ్చు వెయ్యండి. స్ట్రిప్ పక్కన పెట్టుకుని పోల్చి చూసుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం