అమ్మలూ, అన్ని ఫోటోలు వద్దు

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోల్డరు తెరిచి చూశాను. వందల కొద్దీ ఫోటోలున్నాయి. అల్లుడు నిన్ను కెనడా రప్పించుకోవడానికి మీరు పెడుతున్న అప్లికేషనులో "అన్నీ పెట్టేద్దాం నాన్నా, ఎందుకైనా మంచిది" అన్నావు. వద్దు. కెనడా ఇమిగ్రేషన్ వాళ్ల చెక్‌లిస్టు ఐఎంఎం 5533 ఉంది చూడు, అందులో మీ ఇద్దరి ఫోటోలు 20కి మించకూడదని రాసి ఉంది. చాటింగులు, మెయిళ్లు కలిపి 10 పేజీలు దాటకూడదట. అలాగని 20 నింపి తీరాలనీ లేదు. పద్నాలుగే బాగున్నాయనుకో, పద్నాలుగే పెట్టు.

నా సర్వీసంతా ఊళ్లోవాళ్ల ఫైళ్లు చదవడంతోనే సరిపోయింది కాబట్టి చెబుతున్నాను. ఫైలు చూసేవాడికి ఫోటో అందంతో పని లేదు. ఫారంలో రాసిందానికీ, జత చేసిన కాగితాలకీ, ఫోటోలో కనబడేదానికీ పొంతన ఉందా లేదా, అంతే. ఉంటే పేజీ తిప్పేస్తాడు. లేకపోతే అక్కడ ఆగి పెన్ను తీస్తాడు. ఆ పెన్ను తీయించకపోవడమే మన పని.

వాళ్ల రూలు కూడా తెలుసుకో. ఇమిగ్రేషన్ రెగ్యులేషన్లలో 4వ సెక్షను. కాపురం నిజమైనది కాదనుకున్నా అప్లికేషను కాదంటారు, పెళ్లి ముఖ్యంగా పీఆర్ కోసమే, అంటే అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి కోసమే చేసుకున్నారనుకున్నా కాదంటారు. 2010కి ముందు ఈ రెండూ ఉంటేనే కాదనేవారు. ఆ ఏడాది రూలు మార్చాక ఏ ఒక్కటి తేలినా చాలు. అందుకని పెళ్లి ఫోటోలు గుట్టగా పోస్తే ఒరిగేదేమీ లేదు. పెళ్లి జరిగిందన్న సంగతి మ్యారేజ్ సర్టిఫికెట్టే చెబుతుంది. వాళ్లు చూసేది ఆ రోజుకి ముందు మీరేమిటి, తర్వాత ఏమిటి అన్నది. పెళ్లివి నాలుగైదు చాలు, అదీ రెండు వైపుల పెద్దలూ ఉన్నవి. మీ సంబంధం గురించి నింపే ఫారం ఐఎంఎం 5532లో పెళ్లికి ఎవరెవరు వచ్చారు, మొదటిసారి ఎప్పుడు, ఎక్కడ కలిశారు అని అడుగుతారు కదా, అక్కడ ఏం రాస్తారో దాన్నిబట్టి ఏరు.

మీ అమ్మ వద్దంటున్న ఫోటో ఒకటి ఉంది, నేను మాత్రం అదే ముందు పెట్టమంటాను. అల్లుడు తిరిగి వెళ్లేరోజు ఎయిర్‌పోర్టులో తీసింది. నీ చున్నీ ట్రాలీ చక్రంలో ఇరుక్కుంటే అతను వంగి లాగుతున్నాడు, నువ్వు విసుగ్గా ఇంకెటో చూస్తున్నావు. పక్కన మీ అమ్మ ముఖం సగమే పడింది, కళ్లు మూసుకుని ఉంది. అందుకే ఆవిడకి కోపం. కానీ వెనకాల బోర్డు చూడు, విమానం నంబరు, టైము చదవడానికి వస్తున్నాయి. అతని బోర్డింగ్ పాసూ, పాస్‌పోర్టు మీది ముద్రా పక్కన పెడితే మూడూ ఒకే మాట చెబుతాయి. స్టూడియోలో తీయించుకున్న ఫోటో ఏదీ ఈ సాక్ష్యం చెప్పలేదు. మీరిద్దరూ కెమెరా వైపు చూడకపోవడం కూడా నాకు మంచిదే అనిపించింది.

ఇలాంటివే వెతుకు. అతని అక్కావాళ్ల ఇంట్లో నువ్వు పిల్లాడికి బూట్లు తొడుగుతున్నది, మీ నానమ్మ మంచం పక్కన అతను కూర్చున్నది, అతను రెండోసారి వచ్చినప్పుడు తీసినవి. మనుషులు మారాలి, చోట్లు మారాలి, నెలలు మారాలి. ఒకే సాయంత్రం నాలుగు డ్రెస్సులు మార్చుకుని నాలుగు రోజులవని చూపించేవాళ్లు ఉంటారు. అదే జడ, అదే వాచీ, అదే గోడ. రోజూ ఇవే చూసేవాడికి అది తెలియదనుకోవడం అమాయకత్వం. మీ పెళ్లి పెద్దలు కుదిర్చింది, నిశ్చయం కాకముందు ఫోటోలు దాదాపు లేవు. లేకపోతే లేవు. ఎందుకు లేవో రెండు వాక్యాల్లో రాస్తే సరిపోతుంది. దూరంగా ఉన్న నెలలకి వీడియో కాల్ స్క్రీన్‌షాట్లు ఉన్నాయిగా, తేదీ కనబడేవి ఒకటో రెండో తీసుకో.

ఫోటోగ్రాఫరు ఆల్బంలో మిమ్మల్ని ఏదో మంచుకొండ మీద నిలబెట్టాడే, అవి మాత్రం దగ్గరికి రానీయకు. మీరు వెళ్లని చోట మీరు నిలబడి ఉన్న ఫోటో సరదాకి ఇంట్లో ఉంటే ఉండనీ, ఫైల్లో ఎందుకు? ముఖం తెల్లగా చేసే ఫిల్టర్లూ వద్దు. పెళ్లికి రాలేకపోయిన మీ బాబాయిని గ్రూపు ఫోటోలో అతికిద్దామని తమ్ముడు అన్నాడని విన్నాను. వాడికి గట్టిగా చెప్పు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలిస్తే అక్కడ అయిదేళ్లు అడుగు పెట్టనివ్వరు. 2014 దాకా అది రెండేళ్లే, తర్వాత అయిదు చేశారు. బాబాయి రాలేదని రాస్తే కొంపలేమీ మునగవు.

ఇంకోటి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటోలు వాడకు. మామూలుగా పంపితే అది ఫోటోని కుదించేస్తుంది, లోపల దాగి ఉండే తేదీ, లొకేషన్ తీసేస్తుంది. నీ ఫోనులో కనబడే తేదీ ఆ ఫోటో నీకు చేరిన తేదీ, తీసిన తేదీ కాదు. దాన్ని చూసి కింద తేదీ వేశావంటే ఫారంతో తేడా వస్తుంది. ఎవరి ఫోనులో తీశారో వాళ్లనే అడుగు. వాట్సాప్‌లోనే పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపమను, అప్పుడు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.

ప్రతి ఫోటో కింద తేదీ, ఊరు, ఎడమ నుంచి ఎవరెవరు, వాళ్లు మీకేమవుతారు అని ఒక వరుస రాయి. "మధుర క్షణాలు" లాంటివి వద్దు. "అత్తగారు" అని ఊరుకోకు, ఎవరి అత్తగారో అవతలివాడికెలా తెలుస్తుంది? "భర్త తల్లి" అని పేరుతో రాయి. తేదీల వరుసలో పేర్చు, పేజీకి రెండు చొప్పున అయితే ముఖాలు ఆనతాయి. మీ ఇద్దరి మధ్యే ఉండాల్సిన ఫోటోలు ఎవరు ఏ సలహా ఇచ్చినా పెట్టకు. వాళ్లకి అవసరం లేదు, ఎవరి చేతుల్లోంచి పోతాయో మనకి తెలియదు.

ఫోటోల మీదే భారం వేయొద్దు. అతను పంపిన డబ్బుల బ్యాంకు రికార్డు, ఇన్సూరెన్సులో నామినీగా నీ పేరు, టికెట్లు, ఇద్దరూ కలిసి ఉన్న అడ్రసు కాగితం, వీటికే బలమెక్కువ. ఫోటోలు వాటి పక్కన నిలబడే సాక్షులు.

ఫారంలో అల్లుడు వేసిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి పంపమను. నువ్వు ఏరినవాటి వెంట పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూస్తాను. పీడీఎఫ్ చేయకముందే పంపు, చేశాక మళ్లీ మార్చాలంటే నీకే విసుగు. మీ అమ్మ కళ్లు తెరిచి ఉన్న ఎయిర్‌పోర్టు ఫోటో ఇంకోటి తమ్ముడి ఫోనులో ఉందేమో అడుగు. బోర్డు కనబడుతుంటేనే అది పెడదాం, లేకపోతే ఆవిడకి నేను నచ్చజెబుతాను.

నాన్న