చౌక రంపం చాలు, చేతులు జాగ్రత్త

ఎడిటర్ గారికి నమస్కారం.

2024 నవంబర్ తుఫానుకు సియాటెల్ చుట్టుపక్కల కరెంటు పోయినప్పటి నుంచి ఇక్కడి మన తెలుగువాళ్లలో కొందరు ఫైర్‌ప్లేస్ కోసమని ఆన్‌లైన్‌లో చౌక చెయిన్‌సాలు (మోటారుతో తిరిగే గొలుసు రంపాలు) కొంటున్నారు, అందుకే ఈ ఉత్తరం. మీ ఎన్నారై పేజీలో చోటుంటే వేయండి.

నిప్పు రాజెయ్యడానికి ఇక్కడి రెడ్ సీడర్ చెట్టు కట్టెను మించింది లేదు. తేలిగ్గా ఉంటుంది, చెక్కలోని పోగులు నిటారుగా ఉంటాయి కాబట్టి ఎండిన ముక్కను చిన్న గొడ్డలితో కొడితే ఇట్టే చీలిపోతుంది. అంటే రంపంతో పని అడుగు పొడవు ముక్కలు కోసేంతవరకే, దానికి 14 అంగుళాల బార్ (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) ఉన్న చిన్న బ్యాటరీ రంపం చాలు, పెద్ద పెట్రోల్ మిషన్ దండగ! కానీ సన్న పుల్లలు కూడా రంపంతోనే కోద్దామని ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో రంపం పట్టుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మొహం మీదికి ఎగురుతుంది. దుంగను స్టాండు మీద కదలకుండా పెట్టి, రెండు చేతులతో రంపం పట్టుకుని కొయ్యాలి.

కొత్త గొలుసు త్వరగా వదులవుతుంది, చూసుకుని బిగించాలి. గొలుసు, బార్ రాసుకుపోకుండా పోసే బార్ ఆయిల్ అయిపోనివ్వకూడదు. పొట్టు బదులు పిండిలాంటి దుమ్ము వస్తోందంటే పదును పోయినట్టే.

మాస్క్ తప్పనిసరి. సీడర్ వాసన బాగుంటుంది గానీ, ఆ దుమ్ములోని ప్లికాటిక్ ఆమ్లం మిల్లు కార్మికులకు ఆస్తమా తెప్పిస్తుంది. ఇక మంట అంటుకున్నాక కూడా సీడరే వేస్తూ పోతే రవ్వలు చిమ్ముతుంది, గబగబా కాలిపోతుంది. అప్పుడు ఎండిన డగ్లస్ ఫర్, మేపుల్ చెట్ల కట్టెలు వేసుకోండి.

– ఒక పాఠకుడు, వాషింగ్టన్ రాష్ట్రం, అమెరికా