అడుగున ఉన్న మూడో ముద్ర

అమ్మలూ,

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఆ చైనా వెండి గిన్నె మీద డ్రాగన్ పొలుసులు ఒక్కొక్కటీ విడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి. ఎంత ఓపికమ్మా ఆ చేతికి! కానీ మీ మ్యూజియం కేటలాగులో "తయారీ: వాంగ్ హింగ్" అని రాశావు. అది పంపేముందు ఒక్కసారి ఆగు.

అడుగున మూడు ముద్రలున్నాయి కదా. డబ్ల్యూ, హెచ్ అనే ఇంగ్లీషు అక్షరాలు అమ్మిన కొట్టువాళ్లవి, అంటే వాంగ్ హింగ్‌వి. ఆ కొట్టుకి కాంటన్‌లోనూ (ఇప్పటి గ్వాంగ్‌జౌ) హాంకాంగ్‌లోనూ దుకాణాలుండేవి. కొనేది ఎక్కువగా విదేశీయులే కాబట్టి వాళ్లు చదవగలిగే అక్షరాలు వేశారు. రెండో ముద్ర 90 అంటే నూటికి తొంభై పాళ్లు వెండి. ఇంగ్లండ్ ప్రమాణమైన స్టెర్లింగ్ వెండి 92.5 కదా, దానికంటే కాస్త తక్కువ. మూడోది, చైనా అక్షరాల ముద్ర, పని చేసిన కార్ఖానాది. ఒకే కార్ఖానా ముద్ర వేర్వేరు కొట్ల అక్షరాల పక్కన దొరుకుతుంది. ఒకరే నలుగురు వ్యాపారులకు సరుకు చేసిచ్చేవారన్నమాట.

బ్రిటన్‌తో 1842లో జరిగిన నాన్‌కింగ్ ఒప్పందం చైనాలో మరిన్ని రేవులు తెరిపించింది; దానికి ముందు పాశ్చాత్యుల ఓడ వర్తకం దాదాపు అంతా కాంటన్ రేవులోనే. తేయాకు కొనడానికి వాళ్లు తెచ్చిన స్పానిష్ డాలర్లనే వెండి నాణేలు కరిగించి, తెచ్చిచ్చిన నమూనా చూసి అచ్చం అలాంటి చెంచాలే చేసేవారు. ఇంగ్లండ్‌లో స్టెర్లింగ్ వెండికి వేసే సింహం ముద్రను పోలిన ముద్ర కూడా కొట్టేవారు. తర్వాత హాంకాంగ్, షాంఘై కొట్లు పెరిగాయి. అప్పుడు కొనేవాళ్లు చైనా వస్తువు చైనా వస్తువులాగే ఉండాలని కోరారు. ఈ డ్రాగన్లు, వెదురు కొమ్మలు ఆ కాలానివే.

ముప్పై ఏళ్లు వెండి కొట్టులో కూర్చున్నాను కాబట్టి ఇది నాకు మనసుకు తగిలే విషయం. ఒకసారి ఒకావిడ కరీంనగర్ తీగపని పెట్టె కొంటూ, చేసినాయన పేరేమిటని అడిగింది. ప్రతి శనివారం మజూరికి వచ్చే మనిషే. పేరు చెప్పలేకపోయాను. రసీదు మీద మా కొట్టు పేరు మాత్రం పెద్దక్షరాల్లో ఉంది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

అందుకే అడుగుతున్నా. అమ్మినవారు ఒక వరుస, చేసిన కార్ఖానా ఇంకో వరుస రాయి. పక్కనుంచి లైటు పడేలా పెట్టి ఆ ముద్ర ఫోటో మళ్లీ తియ్యి. చైనా లిపి వచ్చినవాళ్లెవరైనా మీ మ్యూజియంలో ఉంటే చదివించు. పాలిష్ మాత్రం పెట్టనివ్వకు, అక్షరాలు అరిగిపోతాయి.

చదివాక ఏమని ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు.

నాన్న