గాలికి పడలేదు సార్, కుళ్ళి పడ్డది

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఈదురుగాలులకు మక్క నేలవాలిందని ఫొటోతో వేశారు. ఆ చేను గట్టుకే మామిడితోట ఉంది, పిందెలన్నీ చెట్టు మీదనే ఉన్నాయి, మరి మామిడిని వదిలిపెట్టి మక్కను మాత్రం పడగొట్టే గాలి ఏం గాలో మీ విలేకరికే తెలియాలి. పడ్డ కర్రను కింది కణుపు దగ్గర కొడవలితో నిలువునా చీలిస్తే తెలిసేది. బెండంతా పోయి ఉత్త నారలు మిగిలినయ్, వాటి మీద బొగ్గుపొడి చల్లినట్టు సన్నటి నల్ల చుక్కలు. దీన్నే మసి కుళ్ళు అంటారు, బూజుతో వచ్చే తెగులు.

ఈ బూజు భూమిలోనే నల్లటి పలుకుల్లాగా ఏండ్ల తరబడి పడి ఉంటది. వేర్లలోకి ముందే దూరినా మొక్క బలంగా ఉన్నన్ని రోజులు కిక్కురుమనదు. పూత అయిపోయి కంకి పాలు పోసుకునేటప్పుడు మొక్క ఉన్న సత్తువంతా గింజకే పెడతది, సరిగ్గా అప్పుడు ఎండ ముదిరి తడి తప్పిందా, వేరు నుంచి కాండంలోకి ఎక్కుతది. ఈసారి వారబందీ అని, అంటే వంతులవారీగా నీళ్ళిస్తామని, కాలువ బంద్ పెట్టింది కూడా పీచు వచ్చిన టైములోనే!

5,000 ఎకరాలకు ఒక ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి), పాపం ఆయనకు పంటల నమోదు, ఆ యాప్ ఈ యాప్ తోనే తెల్లారుతది. రాష్ట్రంలో 2,600 రైతు వేదికలు కట్టారు, మా దాంట్లో సన్మానాలకు కుర్చీలు బానే వేస్తారు గానీ కుళ్ళిన వేరు ఒక్కటి బల్ల మీద పెట్టి చూపించిన పాపాన పోలేదు. మందుల షాపుకు పోతే చేను పడిపోయినంక కూడా ఏదో డబ్బా అంటగడతారు, వేర్లలో ఉన్నదానికి ఆకుల మీద కొడితే ఏమైతది?

దుక్కిలో పశువుల ఎరువుతో ట్రైకోడెర్మా అనే మేలు చేసే బూజు కలపాలి, పొటాష్ వేయాలి, పూత నుంచి తడి తప్పొద్దు, ఇవన్నీ యూనివర్సిటీ వాళ్ళు ఎప్పటినుంచో చెప్పేవే, ఊర్లోకి తెచ్చేవాళ్ళే లేరు. పోనీ పంట మారుద్దామని పెసరో సోయానో వేస్తే వాటికీ ఇదే బూజు. ఇప్పుడు కోత కాగానే ఆ కుళ్ళిన కర్రంతా రోటవేటర్ కొట్టి మళ్ళీ అదే మట్టిలో కలుపుతారు, వచ్చే యాసంగికి తెగులు రెడీ.

నష్టం రాసుకోను వచ్చే సార్లు ఈసారన్నా కొడవలి పట్టుకుని రమ్మని రాయండి, మీరు కూడా ఆ వార్తకు సవరణ వేయండి.

జగిత్యాల జిల్లా మక్క రైతు