జీపు ఫోర్ వీల్ లివర్ ఇరుక్కుంటే ముందు టైర్లు చూడు అన్నా

డెన్వర్

అన్నా,

అమ్మకు, నాయినకు, వదినకు నమస్తేలు. ఆదివారం ఫోన్లో నువ్వు జీపు సంగతి చెప్పి ముగించావో లేదో నాయిన ఫోన్ లాక్కుని బత్తాయి ధర చెప్పడం మొదలుపెట్టాడు, ఆ తర్వాత అమ్మ, ఆ తర్వాత పిల్లలు, అసలు మాట అక్కడే ఆగిపోయింది. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

నాకు అర్థమైంది ఇది. వెనక రెండు టైర్లు గుండు అయ్యాయని నల్లగొండలో రెండు కొత్తవి వేయించావు, ముందు పాతవే ఉంచావు. వాన పడ్డాక తోటలో జీపు దిగబడితే ఫోర్ వీల్ వేసి, అంటే నాలుగు చక్రాలకూ పవర్ పోయేట్టు చేసి బయటికి తీశావు, అదే ఫోర్‌లో తారు రోడ్డెక్కి ఇంటిదాకా వచ్చేశావు. ఇప్పుడు ఆ ఫోర్ వేసే లివర్ వెనక్కి రావడం లేదు, మెకానిక్ గేర్‌బాక్స్ విప్పాలంటున్నాడు. జర ఆగు, అప్పుడే విప్పనియ్యకు.

ముందు జీపును రివర్స్‌లో నేరుగా, మెల్లగా ఒక పది గజాలు పోనిచ్చి అప్పుడు లివర్ లాగి చూడు. రాకపోతే మెత్తటి మట్టి మీదికి తీసుకుపోయి ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు ఆడించు. చాలాసార్లు టక్కున వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే విప్పించు, నేను కాదనను.

ఎందుకు ఇరుక్కుంటుందంటే, నీ జీపులో ఫోర్ వేసినప్పుడు చక్రాలకు పవర్ మోసుకుపోయే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి గట్టిగా కలిసిపోతాయి, రెండూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. నీ టైరు 235/70 ఆర్16 అన్నావు కదా, కొత్తదాని చుట్టుకొలత సుమారు 2,310 మిల్లీమీటర్లు. ముందువి 5 మిల్లీమీటర్లు అరిగాయనుకో, వ్యాసం 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది, చుట్టుకొలత 31 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంగుళంపావు, అంతేకదా అనిపిస్తుంది. కానీ అదే కిలోమీటరు దూరానికి ముందు టైరు వెనకదాని కన్నా దాదాపు ఆరు చుట్లు ఎక్కువ తిరగాలి, నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు వంద కిలోమీటర్లంటే ఆరువందల చుట్ల దగ్గరికి పోతుంది. షాఫ్టులేమో తిరగనివ్వవు. పెద్ద అంగలేసే ఎద్దుకూ చిన్న అంగలేసే ఎద్దుకూ ఒకే కాడి కట్టి తోలితే మెడలు ఎట్లా ఒరుసుకుపోతాయో నాయినను అడుగు, చెప్తాడు.

తడి మట్టిలో టైరు జారి ఆ తేడా తీరిపోతుంది, అందుకే తోటలో నీకేమీ తెలియలేదు. ఎండిన తారు మీద టైరు జారదు, ఆ బిగువంతా లోపల గేరు పళ్ల మీద పడుతుంది, లివర్ అక్కడే పట్టేస్తుంది. నాలుగూ కొత్తవే అయినా సరే, మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కన్నా ఎక్కువ దూరం పోతాయి కాబట్టి తారు రోడ్డు మీద ఈ రకం బండికి ఫోర్ వద్దు. తోట గేటు దాటగానే టూలో, అంటే వెనక రెండు చక్రాలకే పవర్ పోయేట్టు పెట్టెయ్. టూలో ఉంటే ముందు వెనక తేడా నీ జీపుకు పెద్ద ఇబ్బంది కాదు.

ఇదంతా నేను తెలివైనోణ్ణని చెప్పడం లేదు, డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నా. నా కారులో నాలుగు చక్రాలకూ ఎప్పుడూ పవర్ పోతూనే ఉంటుంది, తీసేసే లివరే ఉండదు. పోయినేడు ఒక టైరు పక్కగోడకు మేకు దిగింది, పంక్చర్ వేయడానికి లేదు. మిగతా మూడూ సగం అరిగినవి. షాపు పిల్లాడు నాలుగూ మార్చండి అంటే అమ్ముకోవడానికి చెప్తున్నాడనుకుని ఒక్కటే వేయించా. కొన్ని నెలలకు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బ్రేకు తొక్కి పట్టినట్టు కారు కుదుపులు పెట్టడం మొదలైంది. ముందు వెనకలను కలిపే క్లచ్ రోజంతా ఒరుసుకుంటూ కాలిపోయిందని మెకానిక్ తేల్చాడు. ఆ బిల్లుకు మన దగ్గర రెండు పాడి బర్రెలు వస్తాయి. నీ బామ్మర్దికి మాత్రం చెప్పకు, ఇప్పటికే నన్ను పిసినారి అంటాడు.

అప్పుడు కారుతో వచ్చిన పుస్తకం తీసి చదివా. సుబారు కార్ల కంపెనీ వాళ్లయితే నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో పావు అంగుళానికి మించి తేడా వద్దంటారు, అంటే గాడి లోతులో ఒక మిల్లీమీటరు. ఇక్కడ కొన్ని షాపుల్లో కొత్త టైరును మిషన్ మీద చెక్కి పాతవాటికి సమానం చేసి ఇస్తారు కూడా. డబ్బు పెట్టి కొన్న కొత్త టైరును అరగదీయించడం ఏంటని నవ్వొచ్చింది గానీ బిల్లు గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

కొత్తవి వెనక వేయించడం మాత్రం మంచి పనే చేశావు. స్టీరింగ్ ముందుంది కదా అని చాలామంది ముందు వేయిస్తారు, కానీ తడి రోడ్డు మీద వెనక జారితే బండి గిర్రున తిరుగుతుంది, పట్టుకోలేం. ఒకే ఇరుసు మీద ఒకటి కొత్తది ఒకటి పాతది మాత్రం ఎప్పుడూ పెట్టకు. కంపెనీ కూడా మార్చకు, మీద అదే నంబరున్నా అసలు కొలత కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు నీ పని. గాలి నాలుగింట్లో సమానంగా నింపి, సుద్దముక్కతో టైరు మీద, దాని కింద నేల మీద గీత గీసి, జీపును నేరుగా పది చుట్లు దొర్లించి టేపుతో కొలువు, ముందుదానికీ వెనకదానికీ. పది చుట్లలో తేడా బాగా కనబడుతుంది, ఒక్క చుట్టులో నీ చెయ్యి వణికినా లెక్క తప్పుతుంది. పాతవాటి పక్కగోడ మీద నాలుగంకెల తేదీ కూడా చూడు, 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైనదన్నట్టు. సెకండ్‌హ్యాండ్ బండి కదా, గాడులు బాగున్నా రబ్బరు ముసలిదై ఉంటుంది. స్టెప్నీ కూడా చూడు. వచ్చేసారి నాలుగూ ఒకేసారి వేయించి, ఎనిమిది వేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మారుస్తుంటే అన్నీ కలిసి అరుగుతాయి. ఇప్పుడున్నవాటితో బాటసింగారం పండ్ల మార్కెట్‌కు పొయ్యేటప్పుడు లోడెంతున్నా టూలోనే పో.

మన ఫోర్ వీల్ ట్రాక్టర్ సంగతి కొంచెం వేరు. దాంట్లో ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి, ముందువి నూటికి ఒకటి నుంచి ఐదు వంతుల దాకా ముందుండి లాగేటట్టు గేరు పళ్లు కట్టి ఉంటారు. ఒక జత మార్చినప్పుడు సైజు తేడా వస్తే ఆ లెక్క తప్పుతుంది. పోయినసారి వచ్చినప్పుడు చూశా, పొలంలో కరిగెట (దమ్ము) చేసి వచ్చి రోడ్డు మీద కూడా ఫోర్‌లోనే తోలుతున్నాడు డ్రైవరు, ముందు టైర్లు అంత తొందరగా ఎందుకు అరిగాయో ఇప్పుడు తెలిసింది. వాడికి కోపంగా చెప్పకు, పంటల టైమ్‌లో మానేసి పోతే ఇంకొకడు దొరకడు.

రివర్స్‌లో లివర్ వచ్చిందా లేదా ఈ రాత్రికే మెసేజ్ పెట్టు, మీకు రాత్రయితే నాకు పొద్దున, చూసుకుంటా. కొలతలు చిన్నోడితో కాగితం మీద రాయించి ఫొటో పంపు, వాడి కూడికలు కూడా చూసినట్టవుతుంది.

నీ తమ్ముడు