వరుస సరే, కొలమానం ఏది?

సంపాదకుల గారికి,

మీ క్రీడా పేజీలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2024-25 సీజన్ మేటి పది మంది ఆటగాళ్ల జాబితా చూశాను. పేర్లతో నాకు పేచీ లేదు. ఎవరు వేసినా ఏడెనిమిది పేర్లు అవే వస్తాయి. పేచీ అంతా వరుసతోనే. మొదట షే గిల్జస్-అలెగ్జాండర్, తర్వాత యానిస్, మూడో స్థానంలో యోకిచ్. ఇది అచ్చం మ్యాచ్‌కు పాయింట్ల సగటు వరుసే: 32.7, 30.4, 29.6. అలాంటప్పుడు జాబితా దేనికి, స్కోరర్ల పట్టిక అచ్చేస్తే సరిపోయేది కదా!

ఆ సీజన్‌లో యోకిచ్ పాయింట్లతో ఆగలేదు. మ్యాచ్‌కు సగటున 12.7 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని అందుకోవడం), 10.2 అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు). సీజన్ మొత్తం మీద ట్రిపుల్ డబుల్ సగటు, అంటే మూడింటిలోనూ పది లేదా అంతకు మించి, సాధించినవాళ్లు అంతకుముందు ఇద్దరే, ఆస్కార్ రాబర్ట్‌సన్, వెస్ట్‌బ్రూక్. అయినా సీజన్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు ఎంవీపీ ఓటింగ్‌లో 100 మొదటి స్థానం ఓట్లలో షేకు 71, యోకిచ్‌కు 29 పడ్డాయి. షే జట్టు థండర్ 68 మ్యాచ్‌లు గెలిచింది మరి. ఆ తీర్పుతో నాకు తగాదా లేదు. కానీ ఓటు వేసినవాళ్లెవరూ సగటు పాయింట్లు చూసి చేతులు దులుపుకోలేదు.

పాయింట్లే సర్వస్వమైతే 1961-62లో మ్యాచ్‌కు 50.4 కొట్టిన విల్ట్ చాంబర్లిన్‌కు ఎంవీపీ రావాలి. వచ్చింది బిల్ రసెల్‌కు. అప్పట్లో ఓట్లు ఆటగాళ్లవే. తమాషా ఏమిటంటే, అదే ఏడాది సీజన్ మేటి ఆటగాళ్లను ఎంచి ప్రకటించే ఆల్ ఎన్‌బీఏ జట్లలో, మొదటి జట్టు సెంటర్ (బుట్ట దగ్గర ఆడేవాడు) చాంబర్లిన్, రసెల్ రెండో జట్టులో. ఆ ఎంపిక విలేకరులది! రసెల్ అడ్డుపెట్టిన చేతులు దాటించి షాట్ కొట్టాల్సి వచ్చిన ఆటగాళ్ల లెక్క వేరు.

డిఫెన్స్‌తో వచ్చే చిక్కే ఇది. రూడీ గోబేర్ బుట్ట కింద నిలబడి ఉంటాడు. బంతితో దూసుకొచ్చినవాడు అతణ్ని చూసి లేఅప్ (బుట్ట పక్క నుంచి వేసే షాట్) మానుకుని, వెనక్కి తిరిగి మూలనున్నవాడికి పాస్ ఇస్తాడు. షాట్‌కు ఇచ్చిన గడువు, షాట్ క్లాక్, కరిగిపోతుంది. చివరికి ఎవరో హడావుడిగా దూరం నుంచి విసురుతారు, తప్పుతుంది. ఇందులో గోబేర్ ఖాతాలో ఏమీ పడదు. అయినా అతను నాలుగుసార్లు లీగ్ ఉత్తమ డిఫెండర్ అవార్డు గెలిచాడు. మీ పది మందిలో అలాంటివాడు ఒక్కడూ లేడు.

ఇక ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్నది. 2023-24లో జోయెల్ ఎంబీడ్ పాయింట్ల సగటు 34.7, ఆడింది 39 మ్యాచ్‌లే. 65 మ్యాచ్‌లు ఆడితేనే పెద్ద అవార్డులకు అర్హత అన్న నియమం ఆ సీజన్‌లోనే వచ్చింది. గాయపడినవాడికి అది అన్యాయమే అనుకోండి. కానీ గీత ఎక్కడుందో అందరికీ ముందే తెలుసు.

ఆటగాళ్లకు ఈ ఎంపికలు డబ్బు సంగతి కూడా. 2021లో జేసన్ టేటమ్ ఆల్ ఎన్‌బీఏ మూడు జట్లలో ఎందులోనూ చోటు దక్కక కాంట్రాక్టులో 3 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకున్నాడు. అవార్డుల తర్వాత ఎవరు ఎవరికి ఓటు వేశారో ఎన్‌బీఏ పేర్లతో సహా బయటపెడుతుంది. మీ జాబితా కింద మాత్రం 'స్పోర్ట్స్ డెస్క్' అని ఉంది.

వచ్చే సీజన్ జాబితా పైన రెండు లైన్లు రాయండి: కనీసం ఎన్ని మ్యాచ్‌లు లెక్కలోకి తీసుకున్నారు, డిఫెన్స్‌ను ఎలా చూశారు, జట్టు గెలుపులకు ఎంత విలువ ఇచ్చారు. వరుస నిర్ణయించినవాళ్ల పేర్లు వేయండి. అప్పుడు యోకిచ్‌ను ఐదో స్థానంలో పెట్టినా ఎవరితో వాదించాలో మాకు తెలుస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు