కెమెరా బిగించి, రౌటరు తలుపు తెరిచి వెళ్తున్నారు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు దూరదేశాల్లో ఉండి, పెద్దవాళ్లు మాత్రమే ఊళ్లో ఉంటున్న ఇళ్లలో సీసీ కెమెరాలు ఇప్పుడు మామూలయ్యాయి. ఆ దృశ్యాలు పిల్లల ఫోన్లలో కనిపించడానికి కొందరు టెక్నీషియన్లు ఇంటి రౌటరులో పోర్ట్ ఫార్వర్డింగ్ (ఇంటర్నెట్ నుంచి ఇంట్లోని పరికరానికి నేరుగా దారి తెరవడం) పెట్టి, ఆ సంగతి ఇంటివారికి చెప్పకుండానే వెళ్లిపోతున్నారు. మా ఇంట్లో జరిగిందీ అదే. మూడేళ్ల తరువాత సెలవులకు వచ్చిన మా అబ్బాయి రౌటరు సెట్టింగులు చూస్తే, కెమెరా దృశ్యాలు రికార్డు చేసే పెట్టె అయిన డీవీఆర్‌కు చెందిన మూడు పోర్టులు (నంబర్లున్న దారులు) ఇంటర్నెట్‌లో ఎవరైనా తట్టగలిగేలా తెరిచి ఉన్నాయి. డీవీఆర్ పాస్‌వర్డు మాత్రం ఫ్యాక్టరీలో పెట్టినదే.

మామూలుగా రౌటరు మనం అడగనిదేదీ బయటి నుంచి లోపలికి రానివ్వదు. పోర్ట్ ఫార్వర్డింగ్ ఆ నియమానికి మనం ఇచ్చే మినహాయింపు. ఒకసారి ఇచ్చాక ఆ పరికరం పాస్‌వర్డు, సాఫ్ట్‌వేరు తప్ప ఇంటికి వేరే కాపలా ఉండదు. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఫ్యాక్టరీ యూజర్‌నేములు, పాస్‌వర్డుల జతలు సుమారు 60 ప్రయత్నించి లక్షలాది కెమెరాలను, డీవీఆర్‌లను, రౌటర్లను వశం చేసుకుంది; అక్టోబర్ 21న, వెబ్‌సైట్ల పేర్లను వాటి ఇంటర్నెట్ చిరునామాలతో కలిపే డిన్ సంస్థపై అలాంటి పరికరాలతో జరిగిన దాడికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి సరిగా అందలేదు. పోర్టు నంబరు మార్చాం కనుక భయం లేదని కొందరంటారు. ఉన్నవే 65,535 పోర్టులు, వాటన్నిటినీ వెతికే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

తప్పనిసరిగా పోర్టు తెరవాల్సి వస్తే ముందు పాస్‌వర్డు మార్చి, ఫర్మ్‌వేరు (పరికరం లోపలి సాఫ్ట్‌వేరు) అప్‌డేట్ చేసి, డీవీఆర్‌కు రౌటరులో స్థిరమైన ఐపీ (నెట్‌వర్క్ చిరునామా) కేటాయించాలి. లేకుంటే ఆ ఐపీ రేపు మరో పరికరానికి వెళ్లి, తెరిచిన దారి దానివైపు తిరుగుతుంది. పరికరాలు తమంతట తామే పోర్టులు తెరుచుకునేందుకు వీలిచ్చే యూపీఎన్‌పీ అనే రౌటరు సెట్టింగును ఆపేయాలి. రౌటరు అడ్మిన్ పేజీని, కంప్యూటరును దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389ని మాత్రం ఎన్నడూ బయటికి తెరవకూడదు. వీటన్నిటికంటే వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు రహస్య సంకేతాలతో కలిపే దారి) మేలని నా అభిప్రాయం: దానికి ఒక్క పోర్టు చాలు, సరైన కీ లేనివారికి అది బదులే పలకదు. రౌటరు వ్యాన్ ఐపీ (ఇంటర్నెట్ వైపు చిరునామా) 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, ఇంటర్నెట్ సంస్థ ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్లకు పంచుతోందన్నమాట; ఆ కనెక్షన్ మీద ఈ ఫార్వర్డింగ్ ఎలాగూ పనిచేయదు.

కెమెరాలు బిగించేవారు ఏ పోర్టు, ఏ పరికరానికి, ఎందుకు తెరిచారో కాగితంపై రాసి ఇంటి యజమానికి ఇవ్వాలని, పాస్‌వర్డును యజమాని చేతనే మార్పించాలని కోరుతున్నాను. ఇంటర్నెట్ సంస్థలు కూడా యూపీఎన్‌పీ ఆపిన రౌటర్లనే ఇళ్లకు ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి